గరిటె మెడ

గరిటె విరిగితే మెడ కాడే విరుగుద్ది.
పదకొండో ఏట నర్ది చెక్క నా చేతిలో పెట్టి
మా మేనత్త ఖాసింబీ చెప్పిన మొదటి మాట ఇది.
"పీచు ఎటు పోతందో చూసుకో,
మెడ కాడికొచ్చాక ఆకురాయి మెల్లిగా ఆడించు."
ముప్పై రెండేళ్ళు, ఉదయగిరి కొండ కింద,
మెడలు చెక్కతానే ఉండా.
నా మెడ సంగతి మాత్రం నాకు తట్టనే లేదు.

మొదట కుడి కన్ను వెనకాల వచ్చింది నొప్పి.
మధ్యాహ్నం మూడింటికి, బడి గంట మాదిరి.
మొల కొట్టినట్టు కాదు.
పచ్చి చెక్క ఎండలో బీటేసేటప్పుడు
చప్పుడు లేకుండా సాగుద్దే, అట్ట.

కళ్ళద్దాలు రెండుసార్లు మార్పించా.
టీ మానేశా. మళ్ళీ మొదలెట్టా.
నుదుటికి తడిగుడ్డ కట్టుకుని పడుకుంటే
మా ఆయన గిన్నెలు కూడా భయం భయంగా కడిగాడు.
ఎదురింటి సుబ్బరత్నమ్మ దిష్టి తీసింది,
ఆడబిడ్డ దర్గా కాడ తాయెత్తు కట్టించుకొచ్చింది.
అన్నీ తలకే.
ఏడ్చే బిడ్డకే గదా ఎవరైనా పాలు పట్టేది.

చివరికి తెల్లారగట్ట బస్సెక్కి నెల్లూరు పొయ్యా.
ఆత్మకూరు దాటేదాకా కిటికీ కమ్మీకి తల ఆనించి,
గుంతకొక మెరుపు.
పొగతోటలో ఆ చిన్న డాక్టరమ్మ, నీరజాక్షి అంట,
నా నుదురు ముట్టుకోనే లేదు.
వెనక్కొచ్చి నిలబడి
పుర్రె కింద, జుట్టు మొదలయ్యే కాడ
బొటనవేలు పెట్టి నొక్కింది.
కన్ను వెనకాల దీపం భగ్గుమంది.
"ఈడ నొక్కితే ఆడా?" అన్నా.
"ఆడే" అంది, నా మాటే తీసుకుని, నవ్వకుండా.

ఫిల్మును వెలుతురుకి పెట్టి చూపించింది.
ఎముకకీ ఎముకకీ నడుమ మెత్తని బిళ్ళలంట.
పైనున్న ఒకటి పక్కకి ఉబ్బి
నరాన్ని వత్తతా ఉందంట.
మెడ నరమూ మొహం నరమూ
లోపల ఒకే గుమ్మంలో కలుస్తాయంట.
కేక ఎవరిదో తేల్చుకోలేక
మెదడు నుదుటి పేరు రాసుకుంటదంట.

అది నాకు చప్పున అర్థమైంది.
మా వీధిలో జిలానీబీలం ఇద్దరం.
ఆ చివరామె తీసుకున్న అప్పుకి
బ్యాంకు నోటీసులు నా గడపలోకి వస్తాయి.
ఏడాదిపాటు వొణికా,
నేను తినని డబ్బుకి.
పాపం నా తల.

"తల వంచి పని చెయ్యొద్దు" అంది డాక్టరమ్మ.
"నెలకి ఎన్ని స్పూన్లు?"
"మూడొందలు."
"అన్నీ ఒళ్ళో పెట్టుకునేనా?"
"ఇంకేడ పెట్టుకుంటారు?"
మందుల చీటీ వెనకాల ఆమె ఒక పీట బొమ్మ గీసింది.

గుమ్మం దాకా పోయి మళ్ళీ వెనక్కొచ్చి అడిగా,
"నమాజులో నుదురు నేలకి ఆనించాలి గదమ్మా?"
"కొన్నాళ్ళు కుర్చీలో కూర్చుని చేసుకోండి."
దారంతా అదే దిగులు.
ఇంటికొచ్చి చెబితే ఖాసింబీ, పళ్ళు లేని నోటితో,
"చెక్కినోడికి తెలీదంటే పీచు ఎటుందో" అంది,
తమలపాకు నంజుకుంటా.

ఇప్పుడు నాలుగిటికల మీద పలక,
పలక మీద చెక్క, రొమ్మెత్తున.
ఎదురుగా కిటికీలో కోటగోడ ముక్క ఒకటి కనపడతా ఉంది.
ఇన్నేళ్ళూ ఆడే ఉందంట.

నొప్పి పూర్తిగా పోలేదు.
వారానికి రెండుసార్లు మూడింటికి తలుపు తడతది.
నేను నుదురు ముట్టుకోను.
ఆకురాయి పక్కన పెట్టి
మెడ వెనకాల వేళ్ళేసి
పీచు ఎటు పోతందో తడుముకుంటా.

మొన్న కొట్టాయన జాకీరు
కొత్త స్పూన్లు లెక్కపెడతా ఆగి అడిగాడు,
"ఏంది బీ, మెడలు లావుగా వస్తన్నాయి?
ఇదేమన్నా కొత్త మోడలా?"

ఉండనీ అన్నా.